నేరం చూడొద్దన్నారు సరే, మనిషిని కూడా చూడొద్దా?

బెంగుళూరులో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే స్త్రీ జాతరకని సొంతూరికి వస్తుంది. మూడోరోజు తెల్లవారకముందే కర్నాటక నంబరు ప్లేటున్న జీపు ఒకటి ఆ ఊరి చివర ఆగుతుంది. దిగినవాళ్లలో సగం మంది మఫ్టీలో ఉంటారు. యజమానురాలి బంగారం పోయిందట. ఆమెను ఎక్కించుకుని పోతారు. ఇంటివాళ్లు మండల కేంద్రంలోని స్టేషనుకు పరిగెత్తితే అక్కడ 'మాకేం తెలీదు' అంటారు. అదృష్టం బాగుండి ఆమెను దగ్గరలోని కోర్టుకు తెస్తే, కన్నడంలో రాసిన కాగితాల మీద అయిదు నిమిషాల్లో సంతకం పడుతుంది. 'నా బిడ్డ ఏ తప్పూ చేయలేదు సారూ' అని తల్లి చేతులు జోడిస్తుంది. 'అది ఇక్కడ చెప్పే మాట కాదమ్మా, పోయి అక్కడ చెప్పుకోండి' అనే జవాబు వస్తుంది.

ఇది ఏ ఒక్క స్త్రీ కథో కాదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వలస కుటుంబాల మధ్య పనిచేసే కార్యకర్తలెవరూ దీన్ని చదివి ఆశ్చర్యపోరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది. శెనక్కాయ పంట పోయిన ప్రతిసారీ బెంగుళూరు బస్సులు నిండుతాయి. వలస పోయిన చోట కూలి ఎంత నిలకడలేనిదో నింద అంత సులువైనది. పనిమనిషి మీద దొంగతనం మోపడానికి రుజువు అక్కర్లేదు, ఆమె ఊరికి పోయి ఉంటే చాలు. ఊరికి పోవడమే 'పరారీ' అవుతుంది.

'అది ఇక్కడ చెప్పే మాట కాదు' అనే జవాబు గురించే ఈ వ్యాసం. ఆ జవాబులో సగం న్యాయం ఉంది. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగం అన్యాయం సాగిపోతోంది. రెంటినీ విడదీయకుండా మనం ఎంత ఆవేశపడినా ప్రయోజనం లేదు.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. మన దేశంలో ఒక రాష్ట్రం మరో రాష్ట్రానికి ముద్దాయిని 'అప్పగించడం' అనే ప్రత్యేక ప్రక్రియ లేదు. దేశమంతటికీ ఒకే క్రిమినల్ ప్రొసీజర్ ఉంది. 1973 నాటి కోడులోని 81వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 83వ సెక్షను, రెండూ ఒకే మాట చెబుతాయి. వేరే జిల్లా కోర్టు వారంటు మీద పట్టుబడిన వ్యక్తిని స్థానిక మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు, వారంటు ఇచ్చిన కోర్టు ఉద్దేశించిన మనిషి ఈ మనిషేనని కనిపిస్తే ఆ కోర్టుకు పంపమని ఆయన ఆదేశించాలి. నేరం చేసిందా లేదా అనేది అక్కడ ప్రశ్నే కాదు. వారంటు లేకుండా అరెస్టు చేసినప్పుడు పోలీసులు అడిగే ట్రాన్సిట్ రిమాండులోనూ ఇదే పద్ధతి. తమకు విచారణాధికారం లేని కేసులో మంచిచెడ్డలు తేల్చే పని మాది కాదని మేజిస్ట్రేట్లు అంటారు.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో రాష్ట్రాల మధ్య అప్పగింతను వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పట్టుబడిన రాష్ట్రపు కోర్టు నాలుగు విషయాలు మాత్రమే చూడవచ్చునని 1978లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాలు పైకి సక్రమంగా ఉన్నాయా, అడుగుతున్న రాష్ట్రంలో ఆ మనిషి మీద నేరారోపణ ఉందా, కాగితంలో ఉన్న మనిషి ఈ మనిషేనా, ఆ రాష్ట్రం నుంచి వచ్చేసిన మనిషేనా. అంతే. దోషమా నిర్దోషమా అనే మాట అక్కడా ఎత్తకూడదు.

ఈ నియమాన్ని ఒకప్పుడు నేను పూర్తిగా వ్యతిరేకించాను. ఒక సమావేశంలో, మన కోర్టు మన ఆడవాళ్లను సాగనంపే ముందు నేరం ఉందో లేదో విచారించాల్సిందేనని గట్టిగా మాట్లాడాను. వెనక వరుసలోంచి ఒక కార్యకర్త లేచింది. 'అక్కా, మన పిల్లను పూనాకు అమ్మినోడు కదిరి కోర్టులో నిలబడి ఇదే మాటంటే ఏం జేస్తారు?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె ప్రశ్న చాలా దూరం పోతుంది. కదిరి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముంబయి, పూనా, ఢిల్లీ వ్యభిచార గృహాలకు ఆడపిల్లలను తరలించిన చరిత్ర మనకు తెలుసు. కేసు అక్కడ నమోదవుతుంది. అమ్మినవాడు ఇక్కడ ఉంటాడు. వాడికి ఇక్కడ కులం ఉంది, నాయకుడి అండ ఉంది, సాక్షి చెప్పడానికి వచ్చేవాళ్లను బస్సు దిగనివ్వని మనుషులున్నారు. వాడిని పంపే ముందు ఇక్కడే నేరం నిగ్గు తేల్చాలంటే, బయటపడి వచ్చిన ఆ పిల్ల ముందు సొంతూరి కోర్టులో వాడి మనుషుల మధ్య నిలబడి ఒకసారి, తర్వాత పూనాలో మరోసారి తన బతుకును విప్పి చెప్పాలి. రెండు విచారణలు జరిగితే బలవంతుడికి రెండు అవకాశాలు, బాధితురాలికి రెండు శిక్షలు.

వరకట్న వేధింపుల కేసులూ అంతే. అత్తింటి నుంచి తరిమేసిన స్త్రీ పుట్టింట్లో తలదాచుకుంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. దానికోసం స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. హిందూపురంలో కేసు పెట్టిన స్త్రీ భర్త మరో రాష్ట్రంలో ఉంటే, అక్కడి కోర్టు 'ఈమె చెప్పేది నిజమేనా' అని విచారణ మొదలుపెడితే ఆ తీర్పుకు అర్థం ఏముంటుంది?

కాబట్టి చేరవేసే కోర్టు నేరాన్ని తూకం వేయకూడదనే నియమాన్ని మనం నిలబెట్టుకోవాలి. పేచీ అక్కడ లేదు. 'నేరం చూడకూడదు' అనే మాట మన కోర్టు వరండాల్లో 'ఏదీ చూడకూడదు' అని మారిపోయింది. మన పేచీ దానితో.

చట్టం చూడొద్దన్నది ఒక్కటే. చూడమన్నవి చాలా ఉన్నాయి. మొదటిది, మనిషి. వారంటులో ఉన్న లక్ష్మీదేవి ఈ లక్ష్మీదేవేనా? ఒకే తాండాలో నలుగురు లక్ష్మీబాయిలుండే చోట ఇది చిన్న ప్రశ్న కాదు. రెండవది, అరెస్టు చట్టబద్ధంగా జరిగిందా? సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా స్త్రీని అరెస్టు చేయకూడదనీ, తప్పనిసరి పరిస్థితిలో మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదికతో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలనీ 2006 నుంచి చట్టంలో ఉంది. మూడవది, ఎందుకు పట్టుకున్నారో ఆమెకు చెప్పారా? అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో స్పష్టం చేసింది. కన్నడ కాగితం, మరాఠీ కాగితం తెలుగు స్త్రీ చేతిలో పెడితే అది చెప్పినట్టు కాదు. నాలుగవది, ఇంటివాళ్లకు కబురందిందా? అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలనీ, బంధువులకు తెలియజేయాలనీ 1996 డిసెంబరులోనే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయిదవది, ఆమె పక్కన లాయరు ఉన్నారా? రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు ఇది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి.

ఈ అయిదింటిలో ఒక్కటైనా దోషమా నిర్దోషమా అనే ప్రశ్న ఉందా? లేదు. ఒక్క సాక్షిని పిలవకుండా, ఒక్క నగను లెక్కపెట్టకుండా అన్నీ చూడవచ్చు. దానికి కావలసింది అరగంట ఓపిక, ఎదుట ఉన్నది మనిషి అనే ఎరుక.

ఇవి చూస్తే కేసులు కూలిపోతాయని పోలీసులంటారు. ఇది అబద్ధమని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2018 ఆగస్టు 28న పూనా పోలీసులు ఒకేరోజు హైదరాబాదు, ఢిల్లీ, ముంబయి, ఫరీదాబాదులలో అయిదుగురిని అరెస్టు చేశారు. హైదరాబాదులో వరవరరావుగారినీ, ఫరీదాబాదులో కార్మిక సంఘాల న్యాయవాది సుధా భరద్వాజ్‌నూ, ఢిల్లీలో గౌతమ్ నవలఖానూ. నవలఖా విషయంలో ఢిల్లీ మేజిస్ట్రేటు ఇచ్చిన ట్రాన్సిట్ రిమాండును అక్టోబరు 1న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కారణం ఆయన నిర్దోషి అని కాదు. కేసు కాగితాలు మరాఠీలో ఉన్నాయి, మేజిస్ట్రేటు వాటిని అర్థం చేసుకుని బుద్ధి పెట్టి చూసిన దాఖలా లేదు అని. నేరం సంగతి ఎత్తకుండానే హైకోర్టు ఆ పని చేసింది. దానివల్ల కేసేమీ ఆగలేదు. 2020లో నవలఖా లొంగిపోయి జైలుకు వెళ్లారు. అంటే, పంపే కోర్టు తన పని తాను చేసినంత మాత్రాన విచారించే కోర్టు పనికి భంగమేమీ కలగదు. మరి అదే సూత్రం ఒక ఎరుకల స్త్రీకి, ఒక సుగాలి స్త్రీకి ఎందుకు అందదు? ఆమె కోసం హైకోర్టు తలుపు తట్టే లాయరు లేకపోవడం తప్ప వేరే కారణం ఏముంది?

ఈ సరిహద్దు ఎలాంటిదో కూడా చూడాలి. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, రాయదుర్గం ఇటు మిగిలింది. కర్నాటకలోని పావగడకు మూడువైపులా మన ఊళ్లే. మడకశిరకు దాదాపు చుట్టూ కర్నాటకే. పిల్లనిచ్చేది అటు, తెచ్చుకునేది ఇటు. సంతకు పోయినంత సులభంగా రాష్ట్రం దాటే ఈ నేల మీద ఆ గీత ఎవరికి గీతగా కనిపిస్తుంది? పోలీసులకు మాత్రం ఒక సౌకర్యంగా కనిపిస్తుంది. అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని చట్టం. వారంటు లేని అరెస్టులో ఆ గడువులోగా తమ ఊరి కోర్టులోనే హాజరు పరిస్తే ఇక్కడి కోర్టుకు రావలసిన పనే లేదని పోలీసుల వాదన. 2021 ఫిబ్రవరి 13న ఢిల్లీ పోలీసులు 22 ఏళ్ల పర్యావరణ కార్యకర్త దిశా రవిని బెంగుళూరులో అరెస్టు చేసి, అక్కడి కోర్టులో చూపించకుండానే ఢిల్లీకి తీసుకుపోయి మరునాడు హాజరు పరిచారు. పదిరోజులకు బెయిలు వచ్చింది. విమానం ఎక్కించి రెండువేల కిలోమీటర్ల దూరం తీసుకుపోయినప్పుడే ఇది సాధ్యమైతే, నాలుగు గంటల రోడ్డు ప్రయాణమున్న అనంతపురం సంగతి వేరే చెప్పాలా? ఇక్కడి స్త్రీకి స్థానిక మేజిస్ట్రేటు అనే మనిషి ఎదురుపడే అవకాశమే ఉండదు. ఆ ప్రయాణపు గంటల్లో జీపులో ఏం జరిగింది, మహిళా కానిస్టేబులు ఉందా, మధ్యలో ఏ లాడ్జి దగ్గర ఆగారు అని అడిగేవాళ్లు ఉండరు.

ఇక బెయిలు. ఇక్కడే వర్గం బట్టబయలవుతుంది. వారంటు పంపే కోర్టు దానితోపాటు ఆరోపణల సారాంశాన్నీ, అవసరమైన పత్రాలనూ పంపాలని పాత కోడులో 78వ సెక్షను, కొత్త సంహితలో 80వ సెక్షను చెబుతున్నాయి. ఎందుకు? పట్టుబడిన చోటనే బెయిలు సంగతి ఆలోచించడానికి. బెయిలుకు వీలైన నేరమైతే స్థానిక మేజిస్ట్రేటు, కాకపోతే ఆ జిల్లా చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేటు లేదా సెషన్స్ జడ్జి ఆ పత్రాలు చూసి విడుదల చేయవచ్చు. అంటే, నేరం తేల్చకుండానే కాగితాల మీద ఉన్న ఆరోపణ బరువు చూసే కొద్దిపాటి అధికారం చట్టమే ఇచ్చింది. ఈ దారి పేదవాళ్ల కోసం ఉంది, ఎవరూ నడవక ముళ్లు మొలిచింది. వారంటు లేని అరెస్టుకైతే ఆ సారాంశం పంపాలనే నిబంధన కూడా లేదు.

డబ్బున్నవాళ్ల దారి మాత్రం విశాలమైంది. వేరే రాష్ట్రంలో కేసు నమోదైనా తానున్న చోటి హైకోర్టు, సెషన్స్ కోర్టు పరిమిత కాలానికి ముందస్తు బెయిలు ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు 2023 నవంబర్ 20న తీర్పిచ్చింది. ఆ కేసులో భార్య రాజస్థాన్‌లో ఫిర్యాదు చేసింది, భర్త బెంగుళూరులో ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు. ఫిర్యాదు నమోదైన చోటి దర్యాప్తు అధికారికీ, ప్రాసిక్యూటరుకూ నోటీసు ఇవ్వాలని కోర్టు షరతు పెట్టింది, మంచిదే. ఆ తీర్పు తప్పని నేననడం లేదు. అరెస్టు అవుతానని ముందే తెలిసి, లాయరును మాట్లాడుకోగలిగినవాడికి రక్షణ దొరికింది. తెల్లవారుజామున చాప మీద నుంచి లేపి తీసుకుపోయే పనిమనిషికి ఆ 'ముందస్తు' ఎక్కడిది?

మరో తేడా చూడండి. పరాయి దేశం అడిగిన వ్యక్తిని అప్పగించే ముందు ప్రాథమికంగా కేసు ఉందా లేదా అని మేజిస్ట్రేటు విచారించే ఏర్పాటు 1962 నాటి అప్పగింత చట్టం 7వ సెక్షనులో ఉంది. బ్యాంకులను ముంచి పారిపోయినవాళ్లు లండన్ కోర్టుల్లో ఏళ్ల తరబడి ఎలా వాదించుకున్నారో పత్రికల్లో చదివాం. ఒకే దేశం, ఒకే సాక్ష్యపు చట్టం, ఒకే సుప్రీంకోర్టు ఉన్నచోట అంత విచారణ అక్కర్లేదనే మాట ఒప్పుకుందాం. కానీ ఆ వాదనకు ఒక షరతు ఉంది. ఒకే దేశం కాబట్టి నమ్మకం ఉంచమంటే, ఆ దేశపు చట్టం జీపు ఎక్కిన క్షణం నుంచి ఆమెకు కూడా వర్తించాలి.

నేరం చూడొద్దన్న కోర్టు నిజంగా నేరం చూడకుండా ఉంటోందా అనేది నా అసలు అనుమానం. చూస్తోంది. కాగితంలో కాదు, కులంలో చూస్తోంది. నేరస్త తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీ ఎరుకలవాళ్లను పుట్టుకతో నేరస్తులుగా ముద్ర వేసింది. దేశం మొత్తం మీద ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం స్టేషను రికార్డుల్లోంచి పోలేదు. ఇది పొరుగు పోలీసుల పాపం మాత్రమే అనుకుని మనం చేతులు కడుక్కోనక్కర్లేదు. 2023 జూన్‌లో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని కురవ కుటుంబాలను, ఆడవాళ్లతో సహా, మన చిత్తూరు పోలీసులు పట్టుకుపోయి హింసించారనే ఆరోపణలు వచ్చాయి. మన స్త్రీలకు బెంగుళూరు పోలీసులు ఎలాగో, వాళ్ల స్త్రీలకు మన పోలీసులు అలాగ. సరిహద్దుకు రెండువైపులా బలయ్యేది ఒకే జనం.

ఇంకో రకం తరలింపు ఉంది. అందులో స్త్రీ ముద్దాయి కూడా కాదు. ఇష్టపడి వేరే కులం వాణ్ణి పెళ్లాడి రాష్ట్రం దాటిన అమ్మాయి మీద తండ్రి కిడ్నాపు కేసు పెడతాడు. పోలీసులు వచ్చి అబ్బాయిని అరెస్టు చేస్తారు, అమ్మాయిని 'రికవరీ' చేస్తారు. పోయిన సైకిలును రికవరీ చేసినట్టు. ఆమె మేజరు. నాకు రావడం ఇష్టం లేదు అని ఆమె చెబితే అది నేరానికి సంబంధించిన మాట, ఇక్కడ కాదు, అక్కడ చెప్పాలి అంటారు. ఇది పచ్చి మోసం. ఆమె ఎక్కడ ఉండాలనుకుంటున్నదనేది కేసులో రుజువు కావలసిన విషయం కాదు, ఒక మేజరు పౌరురాలి నిర్ణయం. ఇలాంటి ఒక జంట కేసులోనే ఢిల్లీ హైకోర్టు 2019లో, రాష్ట్రం దాటి వచ్చే పోలీసులు స్థానిక స్టేషనుకు తెలియజేయడం, ట్రాన్సిట్ రిమాండు తీసుకోవడం వంటి నియమాలను నిర్దేశించింది.

నేరం చూడకూడదనే నియమం ఎప్పుడూ పవిత్రం కాదని చరిత్ర కూడా చెబుతుంది. బానిస అమ్మాయి పారిపోవడానికి సాయపడ్డాడన్న నేరం మీద ఒక స్వేచ్ఛాయుత నల్లజాతి మనిషిని కెంటకీ రాష్ట్రం అడిగితే ఒహాయో గవర్నరు ఇవ్వనన్నాడు. 1861లో అమెరికా సుప్రీంకోర్టు, అప్పగించడం కర్తవ్యమే కానీ గవర్నరును బలవంతపెట్టలేమని చెప్పింది. 1987లో ఆ తీర్పును తిరగరాసి బలవంతపెట్టవచ్చని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో గర్భస్రావం మాత్రలు రాసిచ్చిన న్యూయార్కు డాక్టరును లూసియానా అడిగితే న్యూయార్కు గవర్నరు ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నారు. నేరమని పిలుస్తున్నదే అన్యాయమైనప్పుడు కళ్లు మూసుకుని పంపడం తటస్థత కాదని ఆ రెండు సందర్భాలూ చెబుతాయి. అటువంటి వీటో మన మేజిస్ట్రేట్లకు ఉండాలని నేను కోరడం లేదు. ఉన్న చట్టాన్ని కళ్లు తెరిచి అమలు చేయమంటున్నాను.

మనం అడగవలసినవి ఇవి. వారంటు లేకుండా రాష్ట్రం దాటి చేసే ప్రతి అరెస్టులో, దూరం ఎంత తక్కువైనా, స్థానిక మేజిస్ట్రేటు ముందు హాజరు పరచడం తప్పనిసరి చేయాలి. ఆరోపణల సారాంశం వారంటు కేసుల్లోలాగే ట్రాన్సిట్ రిమాండుకూ జతచేయాలి, అది ఆమె భాషలో ఉండాలి. రిమాండు ఉత్తర్వులో మనిషి గుర్తింపు, అరెస్టు సమయం, మహిళా పోలీసు హాజరు, లాయరు హాజరు నాలుగూ విడివిడిగా రాయాలి. అరెస్టయిన మనిషి సొంత జిల్లాలోని నియమిత పోలీసు అధికారికి వెంటనే తెలియజేయాలని కొత్త సంహిత 82వ సెక్షను అంటోంది. ఆ అధికారి ఎవరో, ఫోను నంబరేమిటో ప్రతి మండలంలో గోడ మీద రాయించాలి.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులు మన చేతిలోనూ ఉన్నాయి. వలస పోయే ప్రతి స్త్రీ గుర్తింపు కాగితాల నకలు, పనిచేసే ఇంటి చిరునామా సంఘం దగ్గర ఉండాలి. జీపు వచ్చిందని తెలిసిన గంటలో జిల్లా న్యాయ సేవల సంస్థకు రాతపూర్వకంగా అర్జీ పోవాలి. కోర్టులో నిలబడ్డప్పుడు 'ఈమె తప్పు చేయలేదు' అని మొదలుపెట్టకండి. ఆ మాట అనగానే తలుపు మూసుకుంటుంది. 'ఈమె ఎవరో చూశారా? ఎన్నిగంటలకు పట్టుకున్నారు? ఈ కాగితం ఆమెకు అర్థమయ్యే భాషలో ఉందా? బెయిలు సంగతి చూశారా?' అని అడగండి. ఇవి అక్కడ చెప్పుకోవలసిన మాటలు కావు. ఇక్కడే, ఈ కోర్టులోనే, ఈ పూటే జవాబు చెప్పవలసిన మాటలు.

ఆ తల్లి 'నా బిడ్డ తప్పు చేయలేదు' అంటూనే ఉంటుంది. అనవలసిందే. ఆమె మాట పక్కన నిలబడి చట్టం ఒప్పుకున్న ప్రశ్నలు అడిగే గొంతు ఒకటి ప్రతి కోర్టు వరండాలో ఉండేట్టు చూడటం మన పని.